అంబలికి లెక్క కట్టినవాళ్ళు

బడిలో సంతులిత ఆహారం పాఠం చెప్పేటప్పుడు గోడకు తగిలించే పటంలో గోధుమ రొట్టె ఉంటుంది, పాలగ్లాసు ఉంటుంది, ఆపిల్ పండు ఉంటుంది. చోడి అంబలి ఉండదు. సామన్నం ఉండదు. వెదురు కొమ్ముల కూర, అడవి దుంప, వలిసె గింజల పొడి ఏవీ ఉండవు. మన్యంలో పుట్టి మన్యంలోనే పంతుళ్ళమైన మేము ఆ పటం ముందు నిలబడి పాఠం చెప్పాలి. పటంలో ఉన్నవి తమ ఇంట్లో లేవని పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. తమ ఇంట్లో ఉన్నవి పటంలో ఎందుకు లేవన్నది మాత్రం ఎవరూ అడగరు. దానికి జవాబు వెతికితే చరిత్రలోకి వెళ్ళాల్సి వస్తుంది. మా తిండిని ఎవరు కొలిచారు, ఏ కొలతతో కొలిచారు, కొలిచాక ఏం చేశారు అన్నదే ఆ చరిత్ర.

ముందు కొలత సంగతి. కేలరీ అంటే వేడి. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించడానికి కావలసిన వేడే తిండి లెక్కల్లో ఒక కేలరీ. 1820లలో ఫ్రాన్సులో నికొలాస్ క్లెమాన్ అనే ఆయన ఆవిరి యంత్రాల గురించి పాఠాలు చెబుతూ ఈ మాట వాడాడు. అంటే ఇది మొదట యంత్రం కోసం పుట్టిన మాట. ఆ శతాబ్దం చివర అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ మనుషుల్ని మూసిన గదిలో ఉంచి, వాళ్ళు తిన్నదెంత, వాళ్ళ ఒంట్లోంచి వచ్చిన వేడి ఎంత అని కొలిచాడు. గ్రాము మాంసకృత్తుకి 4 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4, గ్రాము కొవ్వుకి 9 అని ఈనాటికీ మేము నల్లబల్ల మీద రాసే లెక్క ఆయన దగ్గరనుంచి వచ్చిందే. లెక్క తప్పని మేము అనం. ఒంటికి వేడి కావాలి. అయితే పొయ్యికి కట్టెలెన్ని కావాలో చెప్పే లెక్క, ఆ పొయ్యి మీద ఏం వండాలో చెప్పదు.

మన దేశంలో తిండిని కొలిచి పంచాల్సిన అవసరం సర్కారుకి మొదట జైళ్ళలోనూ కరువు పనుల దగ్గరా వచ్చింది. 1876-78 మద్రాసు కరువునే మన పెద్దలు ధాత కరువు అనేవారు. అది ముఖ్యంగా మైదానపు కరువు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో జనం రాలిపోయారు. అప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877 జనవరిలో ఖర్చు తగ్గించడానికని కరువు పనిలో ఉన్న మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, చిల్లరకి ఒక అణా చాలునన్నాడు. పౌను అంటే 454 గ్రాములు. ఇవాళ్టి పట్టిక ప్రకారం ఆ బియ్యంలో వచ్చేవి దాదాపు 1,565 కేలరీలు. రాళ్ళు కొట్టే మనిషికి అది సగం కూలి తిండి. మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దీన్ని ఎదిరించాడు. గింజ పెంచాలి, గింజ ఒక్కటే చాలదు, పప్పు కూడా కావాలన్నాడు. ఆయన గొడవ పెట్టినందువల్లే కొన్ని నెలలకి కొలత కొంత పెరిగింది. ఆకలిగొన్నవాడికి ఎంత తక్కువ పెడితే చావకుండా ఉంటాడు అన్న ప్రశ్నతో మన తిండి లెక్కలు మొదలయ్యాయని గుర్తుపెట్టుకోవాలి. ఆ ప్రశ్న వేసినవాళ్ళకి కార్నిష్ చెప్పిన పప్పు సంగతి ఎప్పుడూ అదనపు ఖర్చుగానే కనిపించింది.

అదే కాలంలో కొండ మీద మేమేం తింటున్నాం?

పోడు చేను చూసినవాళ్ళకి చెప్పనక్కరలేదు. చూడనివాళ్ళ కోసం రాస్తున్నాం. ఒకే వాలులో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, బొబ్బర, మధ్యలో గుమ్మడి తీగ, గట్టున చిక్కుడు. అన్నీ తొలకరికి పడతాయి కానీ అన్నీ ఒక్కసారి చేతికి రావు. కొర్ర భాద్రపదానికి, సామ ఆశ్వయుజ కార్తీకాలకి, చోడి ఆ వెనకే, వలిసె మార్గశిరం దాటాక, కంది పుష్య మాఘాలకి వస్తాయి. ఒక పంట పోయినా ఇంకొకటి నిలుస్తుంది. గింజతో పాటే పప్పు పండుతుంది గనక గింజలో తక్కువైన లైసిన్ అనే పోషకం పప్పులో దొరుకుతుంది. లైసిన్ పేరు మా అవ్వలకి తెలియదు. గింజన్నంలో కందిపప్పో బొబ్బర్లో లేకుండా ముద్ద దిగదని మాత్రం తెలుసు.

ఇంకొకటి, కొత్తలు. కొర్రకొత్త, సామకొత్త, చిక్కుడుకొత్త, మామిడికొత్త. ఆ పండుగ చేసి పెద్దలకి పెట్టేదాకా ఆ పంట ఎవరూ నోట పెట్టకూడదు. బయటివాళ్ళు దీన్ని మూఢనమ్మకమని రాశారు. పచ్చి గింజ పాలు పట్టకముందే కోసుకు తినేస్తే ఆ ఊరికి మాఘం దాకా తిండి నిలవదు. పచ్చిమామిడి పిందెలన్నీ రాలగొడితే పండూ లేదు, టెంకా లేదు. ఇది కట్టుబాటు చేసిన పొదుపు అని మేమంటాం. ఎవరి ఇంట్లో ఎన్ని గింజలున్నాయో అందరికీ తెలిసే ఊరిలో ఇంతకంటే మంచి రేషను పద్ధతి ఏముంటుంది?

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. లేకపోతే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది. ఆషాఢ శ్రావణాలు మాకు ఆకలి నెలలు. పాత గింజ అయిపోతుంది, కొత్త గింజ రాదు, పని మాత్రం అప్పుడే ఎక్కువ. ఆ నెలల్లో అడవి దుంపలు తవ్వేవారు. చేదు దుంపని, విషపు దుంపని చెక్కలు కోసి, ఉడకబెట్టి, రాత్రంతా పారే గెడ్డలో ఉంచి, మర్నాడు తినేవారు. మామిడి టెంకలోని పిక్కని నానబెట్టి, వగరు పోగొట్టి, ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాచేవారు. 1940ల మొదట్లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమండార్ఫ్, జీలుగు చెట్టు నరికి లోపలి గుంజుని పిండి చేసుకొని జనం గడుపుకోవడం చూసి 1945లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. వీటిలో పిండిపదార్థం ఉంది, కేలరీలున్నాయి. పిల్లల ఎదుగుదలకి కావలసినవి అంతగా లేవు. ఆ రోజుల్లో పసిపిల్లలు ఎక్కువగా పోయింది ఆ నెలల్లోనే అని ఏ ఊరి ముసలివాళ్ళనడిగినా చెబుతారు.

ఆకలి నెలలు ఎప్పుడూ ఉన్నవే. వాటిని పొడిగించింది మాత్రం చట్టాలు. మాకు దక్షిణాన రంప కొండల్లో కల్లు మీద పన్ను వేసి, ఇంటి వాడకానికి చెట్టు గీసుకోవడం మీద కూడా ఆంక్ష పెట్టారు. దాన్ని చిగురుపన్ను అన్నారు. 1879లో రంప తిరగబడింది. కల్లు పేరెత్తితే కొందరు నవ్వుతారు. తాగి పాడైన ఇళ్ళు మాకూ తెలుసు, వాటిని వెనకేసుకు రావడం లేదు. కానీ వేసవిలో జీలుగు కల్లు దిగే వారాల్లో, గింజ లేని ఇంట్లో, తెల్లవారి దింపిన తియ్య కల్లు ఆ పూట అంబలే. పన్ను వేసినవాడు దాన్ని మత్తుగా చూశాడు, గీసినవాడు తిండిగా చూశాడు. తరవాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవుల్ని రిజర్వు చేస్తూపోయారు, పోడు నేరమైంది. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు వెంట మా వాళ్ళు నడిచినప్పుడు అందులో రోడ్డు వెట్టి బాధ ఎంత ఉందో పోడు బాధ అంత ఉంది. పితూరీ కథలు చెప్పేటప్పుడు బాణాలు, తుపాకులు చెబుతాం. అడుగున ఉన్నది సామచేను అని కూడా చెప్పాలి.

ఇక తిండిని ప్రయోగశాలలో కొలిచినవాళ్ళ దగ్గరికి వద్దాం. నీలగిరి కొండల్లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు 1920లలో ఎలుకలకి దేశంలో ఒక్కో ప్రాంతపు తిండి పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలున్న సిక్కుల తిండి తిన్న ఎలుకలు బాగా పెరిగాయి. పాలిష్ బియ్యం మీద నడిచే మద్రాసు తిండి అడుగున నిలిచింది. మన పటంలో గోధుమ రొట్టె, పాలగ్లాసు ఎందుకున్నాయో ఇక్కడ కొంత తెలుస్తుంది. ఆయన చుట్టూ ఆ కొండల్లోనే తోడాలు, కోటాలు, బడగలు ఉన్నారు. సామ, చోడి పండే కొండలవి. కానీ చార్టులోకి ఎక్కింది దూరపు పంజాబు తిండి. ఆయన తరవాత 1935లో వచ్చిన ఆక్రాయిడ్ 1937లో మన దేశపు ఆహారాల పోషక విలువల పట్టిక వేయించాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాదు తార్నాకకి వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. డాక్టర్ గోపాలన్, ఆయన తోటివారు 1971లో పట్టికల్ని కొత్తగా వేశారు. మేము డి.ఎడ్. చదివిన రోజుల నుంచి చూస్తున్న అంకెలు అవే. మెకారిసన్ సంగతి ఎలా ఉన్నా, ఈ పట్టికల వాళ్ళకి మేము రుణపడి ఉన్నాం. ఎందుకంటే సామని, కొర్రని, వలిసెని, ఉలవని వదలకుండా కొలిచారు.

ఆ పట్టిక తెరిచి చూడండి. వంద గ్రాముల తెల్ల బియ్యంలో 345 కేలరీలు, సామలో 341, చోడిలో 328, కొర్రలో 331. కేలరీ ఒక్కటే చూస్తే నాలుగూ ఒక్కటే, బియ్యమే పిసరు ఎక్కువ. పక్క గడికి జరగండి. మాంసకృత్తులు బియ్యంలో 6.8 గ్రాములు, కొర్రలో 12.3. కాల్షియం బియ్యంలో 10 మిల్లీగ్రాములు, చోడిలో 344. 2017లో వచ్చిన కొత్త పట్టికలో చోడికి అది 364. పీచు బియ్యంలో దాదాపు లేదు, సామలో ఏడు గ్రాములపైన. ఉలవల్లో మాంసకృత్తులు 22 గ్రాములు. వలిసె గింజలో 515 కేలరీలు, 39 గ్రాముల నూనె, 24 గ్రాముల మాంసకృత్తులు. అరకు లోయలో వలిసె పూలు పూసినప్పుడు కార్లలో వచ్చి ఫొటోలు తీసుకుంటారు కదా, ఆ పసుపుపచ్చ పొలంలో ఉన్నది ఇది.

అయితే అంకెలు చూసి అంబలే అమృతమని పాటలు కట్టేవాళ్ళతో కూడా మాకు పేచీ ఉంది. వంద గ్రాముల చోడి పిండితో లీటరు అంబలి కాచామనుకోండి. పావు లీటరు గ్లాసుకి 82 కేలరీలు వస్తాయి. ఐదేళ్ళ బిడ్డకి రోజుకి దాదాపు 1,350 కేలరీలు కావాలి. పలచటి అంబలి మీదే పెంచాలంటే పదహారు గ్లాసులు, నాలుగు లీటర్లు తాగించాలి. ఆ పొట్టలో అంత పట్టదు. పెద్దవాళ్ళకి ఎండలో పొలం పనికి అంబలి చల్లన, దాహానికి దాహం, ఆకలికి ఆకలి. బిడ్డకి ముద్ద కావాలి, ముద్దలో వలిసె పొడో వేరుశనగో పడాలి, గుడ్డు దొరికితే గుడ్డు పడాలి. ఇక్కడ కేలరీ లెక్కే మాకు దారి చూపిస్తుంది. పనికివచ్చిన చోట దాన్ని కాదనడం దేనికి? రాత్రి పులియబెట్టిన అంబలి వల్ల గింజలోని ఖనిజాలు ఒంటికి బాగా పడతాయని ఇప్పటి శాస్త్రం చెబుతోంది, అది అవ్వల పద్ధతి. బిడ్డకి చిక్కగా పెట్టాలన్నది శాస్త్రం పద్ధతి. రెండూ ఒకే కుండలో పడతాయి.

స్వాతంత్ర్యం వచ్చాక కేలరీ మళ్ళీ అధికారుల బల్ల మీదికి ఎక్కింది. 1971లో దండేకర్, రథ్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు మనిషికి రోజుకి 2,250 కేలరీలు కొనలేనివాడు పేదవాడన్నారు. 1979లో ప్రణాళికా సంఘం బృందం పల్లెలో 2,400, పట్నంలో 2,100 అని గీత గీసింది. గీత గీశాక దాన్ని అందుకునే చవకదారి వెతుకుతారు. కేలరీకి రూపాయి లెక్కన చూస్తే గోదాముల్లో ఉన్నది బియ్యం, గోధుమ. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. మన్యంలో గిరిజన సహకార సంస్థ డిపోల్లో ఆ బియ్యం దొరికింది. 1956లో పుట్టిన ఆ సంస్థ అప్పటికే మా చింతపండు, అడ్డాకు, నల్లజీడి కొంటోంది. మా పెద్దవాళ్ళు ఆ బియ్యాన్ని ఎంత సంబరంగా మోసుకొచ్చారో ఇప్పుడు చిరుధాన్యాల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి తెలియదు. శ్రావణంలో అన్నం! దుంప తవ్వక్కరలేదు, టెంక పిండి అక్కరలేదు. ఆ బియ్యం పిల్లల్ని బతికించింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

బియ్యం ఇంకొక పని కూడా చేసింది. సామ, కొర్ర పైపొట్టు తీయడం మాటలు కాదు. రోట్లో పోసి, దంచి, చెరిగి, మళ్ళీ దంచి, పొద్దుపోయేదాకా ఆడవాళ్ళ రెక్కలే. పూటకి సరిపడా దంచేసరికి గంటలు గడిచిపోయేవి. బియ్యం వచ్చాక రోకలి మూలకి చేరింది. "పాత తిండి మంచిది" అని మగవాళ్ళు సభల్లో అన్నప్పుడు వెనక కూర్చున్న ఆడవాళ్ళు నవ్వడం మేం చూశాం. ఆ నవ్వుకి అర్థం ఇదే.

కానీ ఎప్పుడో అవసరానికి వచ్చినది ఏడాది పొడవునా కుండలో కూర్చుంది. అన్నం పెద్దింటి తిండి, అంబలి లేనివాళ్ళ తిండి అన్న మాట మైదానం నుంచి డిపో బియ్యంతో పాటే ఎక్కి వచ్చింది. చుట్టం వస్తే అంబలి కుండ దాచడం మొదలైంది. పోడు వాలుల్లో కాఫీ మొక్కలు, వాటి నీడకి సిల్వర్ ఓక్ లేచాయి. కాఫీ డబ్బు తెచ్చింది, చదువులకి పనికొచ్చింది, ఒప్పుకుంటాం. కాఫీ గింజ మాత్రం ఉడకబెట్టుకు తినేది కాదు. చేను మారాక కంది, బొబ్బర, గుమ్మడి కూడా పోయాయి. అంటే అన్నం పక్కన కూర పోయింది. ఇవాళ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి వచ్చేది ఐదు కిలోలు. రోజుకి 166 గ్రాములు, 575 కేలరీలు. 2,400లో నాలుగో వంతు కూడా కాదు. చట్టం మిగతా మూడొంతులు మనం చూసుకుంటామనుకుంది. ఒకప్పుడు ఆ మూడొంతులు పోడులోనూ అడవిలోనూ ఉండేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో అవి కూడా కొన్న బియ్యమే. పైన చారు నీళ్ళు, ఉప్పుమిరప. కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఐదేళ్ళలోపు పిల్లల్లో వందకి 67 మందికి రక్తహీనత అని తేలింది. మా బళ్ళలో ప్రార్థన దగ్గర కళ్ళు తిరిగి కూలబడే ఆడపిల్లల్ని చూసేవాళ్ళకి ఆ అంకె కొత్తేమీ కాదు.

ఒడిశా సరిహద్దు అవతల 2001లో జరిగింది కూడా ఇక్కడే చెప్పాలి. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో వానాకాలంలో ఆదివాసులు చనిపోయారు. మామిడి టెంక అంబలి తిని చనిపోయారన్నారు, అది వాళ్ళ ఆచారపు తిండి అని కూడా పెద్ద స్థానాల్లో ఉన్నవాళ్ళు అన్నారు. టెంక పిండి మాకూ తెలుసు. బాగా కడిగి, బాగా ఎండబెట్టి దాస్తే అది చంపదు. బూజు పట్టిన పిండిని ఎవరూ ఆచారం కోసం తినరు, వేరే ఏమీ లేకే తింటారు. మా తిండిని ఒకప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసి వచ్చిన చోట సావుకి కారణంగా చూపించారు.

అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు బడిలో వండిన భోజనం పెట్టాలని, పిల్లకి కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని ఆదేశించింది. ఇప్పుడది ప్రాథమిక తరగతులకి 450 కేలరీలు, 12 గ్రాములు. ఈ ఆదేశంలో మాకు నచ్చింది కేలరీ పక్కన మాంసకృత్తు కూడా రాయడం. నూట పాతికేళ్ళ కిందట కార్నిష్ అడిగిన పప్పు ఇక్కడికి చేరింది. అయినా 450లో 345 వంద గ్రాముల బియ్యం నుంచే వస్తాయి. 2023 మార్చి నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లలకి రాగిజావ ఇస్తున్నారు. రాగి అంటే చోడే. కొండ మీద పిల్లలు మొదట ఆ పేరు విని కొత్త వస్తువనుకున్నారు, నోట పెట్టాక నవ్వారు. బెల్లం వేసిన జావ మిగలదు. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. 2018లోనే కేంద్రం ముతక ధాన్యాలన్న పేరు తీసి పోషక ధాన్యాలని కొత్త పేరు పెట్టింది. పేరు మార్చినందుకు సంతోషమే, ముతక అన్నది మేము పెట్టిన పేరు కాదు.

పేరు మారాక ధర కూడా మారింది. పట్నం దుకాణాల్లో సామబియ్యం, కొర్రబియ్యం మంచి సన్నబియ్యం కంటే ఖరీదు. రేషను బియ్యం 2023 నుంచి ఉచితం. సామ పండించిన ఇల్లు సామని సంతలో అమ్మి ఉచిత బియ్యం వండుకుంటుంది. చేతికి డబ్బు అవసరమున్న ఇల్లు అలా కాక ఇంకెలా చేస్తుంది? చోడికి తిరగలి చాలు, పిండి మిల్లు ఉంటే ఇంకా సులువు. సామకీ కొర్రకీ పొట్టు తీసే యంత్రం కావాలి. వరి ఆడించే మిల్లు మా వైపు చాలా ఊళ్ళకి దగ్గర్లోనే ఉంది, సామ ఆడించేది వెతుక్కోవాలి. పొట్టు తీయని సామ చవగ్గా కొండ దిగుతుంది, పొట్టు తీసిన సామ ఖరీదుగా పట్నంలో కూర్చుంటుంది. ఊరికొక చిన్న యంత్రం పెడితే ఆ తేడా డబ్బు ఊళ్ళో మిగులుతుంది, దంచే బాధ తప్పుతుంది, కొంత గింజ కుండలోకీ వస్తుంది. పోషణ మాసాల్లో ముగ్గులు వేయించే అధికారులు వస్తే మేము అడుగుతున్నది ఇదే.

చేలన్నీ కాఫీ అయిన ఊళ్ళలో కూడా ఒక మూల జానెడు కొర్ర, సామ వేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తిండికి కాదు. కొర్రకొత్తకి పెద్దల ముందు పెట్టడానికి డిపో బియ్యం పనికిరాదు గనక. కోత అయ్యాక పిడికెడు పెద్దలకి, మిగిలింది ఎండిన ఆనప బుర్రలో బూడిద కలిపి అటక మీదికి. వచ్చే తొలకరికి విత్తనం అదే.